ఎగిరినట్లు తీర్మానించడమైనది

పిట్టలవరం విశ్వవిద్యాలయంలో విమానం నడపడం నేర్పుతారన్న వార్త పేపర్లో పడిన రోజున కాత్యాయని అన్నం ముట్టలేదు. బెంగతో కాదు లెండి, సంబరంతో. వాళ్ళమ్మ సీతారత్నం కంచం పట్టుకుని వెంటపడి, "తినవే తల్లీ, ఖాళీ కడుపుతో పైకెళ్తే కళ్ళు తిరుగుతాయి" అని బతిమాలింది. అప్పటికింకా దరఖాస్తయినా పెట్టలేదు.

కాత్యాయనికి ఈ పిచ్చి చిన్నప్పట్నుంచీ ఉంది. రాజమండ్రిలో దిగే విమానాలు వాళ్ళ డాబా మీదుగానే పోయేవి. ఆరబెట్టిన వడియాల పక్కన నిలబడి ఆ పిల్ల మెడ నొప్పెట్టేదాకా చూసేది. తండ్రిది కొబ్బరికాయల వ్యాపారం. ఫ్లయింగ్ స్కూలు మాటెత్తితే, "అమ్మడూ, మనం చెట్టెక్కేవాళ్ళం గానీ మబ్బెక్కేవాళ్ళం కాదే" అని నవ్వేసి ఊరుకునేవాడు. అలాంటిది, ఇంటికి బస్సు దూరంలో ఉన్న విశ్వవిద్యాలయం, మామూలు డిగ్రీలాగా, హాస్టలు పప్పుచారుతో సహా పైలట్ని చేసి పంపిస్తానంటే ఎవరికి మాత్రం అన్నం సయిస్తుంది చెప్పండి?

ఈ ఆలోచన వైస్ ఛాన్సలర్ ఆచార్య విరూపాక్షంగారిది. ఆయనకి ఏడాదికో ఉత్సాహం వచ్చేది. ముందేడు యోగా, ఆ ముందేడు రొయ్యలు. ఈ ఏడు గగనం. ప్రారంభ సభలో ఆయన శాలువా సవరించుకుని ఇలా సెలవిచ్చారు:

"డిగ్రీ లేకుండా ఎగిరే అధికారం ఈ సృష్టిలో ఒక్క పక్షిజాతికి మాత్రమే కలదు. మానవుడు ఎగరదలచినచో ముందుగా పట్టభద్రుడు కావలెను. పట్టా లేని పైలట్ల చేతిలో ఈ దేశ ప్రజల ప్రాణాలు ఇంకెన్నాళ్ళు?"

అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది కాత్యాయనే.

కోర్సు పేరు బ్యాచిలర్ ఆఫ్ ఫ్లయింగ్. నేర్పడానికి కాకినాడ నుంచి కెప్టెన్ శామ్యూల్ ఆనందరావుని పిలిపించారు. ఆయన జుట్టు నెరిసేదాకా విమానాలు నడిపినవాడు. కాకపోతే కుర్రతనంలో ఇంటర్మీడియట్ అవగానే విమానమెక్కేసి, డిగ్రీ చదవడం మర్చిపోయాడు. డిగ్రీ లేనివాడు డిగ్రీ విద్యార్థులకి పాఠం చెప్పరాదని నియమం. రిజిస్ట్రారు శేషాచలపతిగారు నియమావళిని ముందుకీ వెనక్కీ తిప్పి, ఎలాగో దారి కనిపెట్టి, ఆయన్ని "ప్రయోగశాల సహాయకుడు, గగనం" అనే పోస్టులో వేశారు. పాఠం చెప్పే బాధ్యత ఫిజిక్సు శాఖాధిపతి డాక్టర్ భోగలింగంగారికి అప్పగించారు. ఆయనకి పీహెచ్‌డీ ఉంది. విమానమంటే భయం కూడా ఉంది. ఢిల్లీ మీటింగులకి సైతం రైల్లోనే వెళ్ళొస్తారు.

మొదటి రోజు కెప్టెన్ ఆనందరావు పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకున్నాడు. "చూడండమ్మా. రేపు మీకు లైసెన్సు ఇచ్చేవాళ్ళు డిగ్రీ ఉందా అని అడగరు. గాల్లో ఎన్ని గంటలున్నావని అడుగుతారు. మిమ్మల్ని గాల్లోకి తీసుకెళ్ళడానికే నేనొచ్చాను. మిగతాదంతా భోగలింగంగారు చూసుకుంటారు."

మిగతాదంతా ఎంతుంటుందో పాపం ఆయనకి తెలీదు. కాత్యాయని చెవిలో మాత్రం గాల్లో గంటలన్న మాట ఒక్కటే ఉండిపోయింది.

విమానం లారీలో వచ్చింది. రెండు సీట్ల బుల్లి విమానం. ఒళ్ళు వేరుగా, రెక్కలు వేరుగా గడ్డిలో చుట్టి తెచ్చారు. కంపెనీ మెకానిక్కులు క్రికెట్ గ్రౌండులో దాన్ని బిగించి, ఇంజను తిప్పి చూపించి, టీ తాగి వెళ్ళిపోయారు. కెప్టెన్ దాని ముట్టె నిమిరి, "రేప్పొద్దున్నే లేపుదాం" అన్నాడు. మర్నాడు కాత్యాయని తలంటుకుని, కొత్త చుడీదారు వేసుకుని అందరికంటే ముందొచ్చి నిలబడింది. ఆమెకంటే ముందు రిజిస్ట్రారుగారు వచ్చి ఉన్నారు.

"ఏవండీ కెప్టెన్‌గారూ, ఈ వస్తువు ఇంతవరకూ ఏ పద్దులోకీ ఎక్కలేదండి" అన్నారాయన. "వాహనం అందామంటే మనకి డ్రైవరు పోస్టు మంజూరు కాలేదు. కట్టడం అందామంటే పునాది లేదు. పోనీ ఫర్నిచరు అందామంటే..."

"రెండు సీట్లున్నాయి కదండీ" అని పక్కనున్న గుమస్తా ఆశగా అందించాడు.

"ముందు ఫ్యానుందయ్యా! ఫ్యానున్న కుర్చీ మన స్టాకులో ఎక్కడుంది?"

ఆ పూట ఎవరూ ఎగరలేదు. చివరికి విమానాన్ని ప్రయోగశాల పరికరాల పద్దులో చేర్చారు. లోలకం, భూతద్దం, తక్కెడ, విమానం. చేర్చాక అసలు చిక్కు బయటపడింది. పరికరాలు విశ్వవిద్యాలయ ఆవరణ దాటరాదని నియమం. స్పిరిట్ దీపం దాటరాదు, విమానమూ దాటరాదు.

"దాటను సార్" అన్నాడు కెప్టెన్. "ఆవరణ మీదే తిరిగి ఆవరణలోనే దిగుతాను."

"మీదే అంటే ఎంత మీద? ముందు మన ఆవరణ ఎంత ఎత్తు వరకు ఉందో తేలాలి కదండీ!"

అలా పుట్టింది ఊర్ధ్వ సరిహద్దు నిర్ణయ సంఘం. అందులో న్యాయశాఖ ఉంది, చరిత్ర శాఖ ఉంది, తహసీల్దారు ఆఫీసు ఉంది. సర్వే నంబర్లకి పొడవూ వెడల్పే గానీ ఎత్తు లేదని తహసీల్దారు ఆఫీసు చేతులెత్తేసింది. పాత శాసనాల్లో దానమిచ్చిన భూమి ఎంతకాలం చెల్లుతుందో రాశారు గానీ ఎంత ఎత్తు చెల్లుతుందో రాయలేదని చరిత్ర శాఖ విచారించింది. వానాకాలమంతా మిరపకాయ బజ్జీలు తింటూ ఆలోచించి, సంఘం నివేదిక సమర్పించింది. ఆవరణలో మంజూరై కట్టిన వాటన్నిట్లోకీ ఎత్తయినది ఆడపిల్లల హాస్టలు పక్కనున్న వాటర్ ట్యాంకు. కాబట్టి ఆ ట్యాంకు మూత వరకే విశ్వవిద్యాలయం. ఆ పైన విశ్వవిద్యాలయం లేదు.

కెప్టెన్ కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాడు. "ట్యాంకు కంటే కిందుగా ఎగరాలంటే లైబ్రరీ కిటికీలోంచి దూరి పరీక్షల విభాగంలోంచి బయటికి రావాలండి!"

"పరీక్షల విభాగంలోకి ఇతరులకి ప్రవేశం లేదు" అన్నారు రిజిస్ట్రారుగారు, నవ్వకుండా.

కెప్టెన్ క్రిస్మస్‌కి కాకినాడ వెళ్ళి, కొత్త సంవత్సరం ప్రార్థన కూడా చూసుకుని తిరిగొచ్చేసరికి గ్రౌండులో విమానం లేదు. దాని చోట కొత్తగా సున్నం కొట్టిన పొడుగాటి గది ఉంది. పరికరాలు ఎండకి ఎండరాదు, వానకి తడవరాదు అని భోగలింగంగారు రాసిన ఉత్తరం మీద ఇంజనీరింగు విభాగం ఎక్కడి విమానాన్ని అక్కడే ఉంచి చుట్టూ గోడలు లేపేసింది. వాకిలి మాత్రం ప్రయోగశాలలకి ఖరారైన కొలతల్లోనే పెట్టారు. ఒక మనిషి ఒక స్టూలు పట్టుకుని లోపలికి పోవచ్చు.

"ఇందులోంచి విమానం బయటికెలా వస్తుందండీ?" అన్నాడు కెప్టెన్.

"బయటికెందుకండీ?" అన్నారు భోగలింగంగారు, నిజంగానే అర్థంకాక. "మా లోలకం బయటికొస్తుందా?"

కెప్టెన్ ఆ సాయంత్రమే పెట్టె సర్దుకున్నాడు. సంగతి తెలిసి కాత్యాయని బస్టాండుకి పరిగెత్తింది. "సార్, మీరు కూడా వెళ్ళిపోతే ఎగరడమంటే ఏంటో మాకు చెప్పేవాళ్ళే ఉండరు సార్" అంటూ బస్సు మెట్టుకి అడ్డంగా నిలబడి ఏడ్చేసింది. కండక్టరు విసుక్కున్నాడు. కెప్టెన్ ఆ పిల్ల మొహం చూసి, పెట్టె దింపుకున్నాడు.

"ఎగరడం ఎలాగూ నేర్పలేనమ్మా" అన్నాడు. "ఎగరకముందు చేసేది నేర్పుతాను. అదైతే నాలుగు గోడల మధ్య కూడా నేర్పొచ్చు."

మర్నాటి నుంచీ మొదలయింది ప్రదక్షిణ. "మీరు గుళ్ళో చేస్తారే, అలాగేనమ్మా. పైలట్ ఎక్కేముందు విమానం చుట్టూ ఓసారి తిరగాలి. కళ్ళతో చూసి సరే అనెయ్యకు, ప్రతి నట్టు మీదా వేలు పెట్టు. ఎక్కడన్నా తేడా కొట్టిందా, ఎక్కకు. ఎవరు చెప్పినా ఎక్కకు. రాజుగారొచ్చి చెప్పినా ఎక్కకు." కాత్యాయని రోజూ తిరిగేది. ఎక్కడికీ పోని విమానం చుట్టూ, రేపే ఎగరబోతున్నంత భక్తిగా. తోటిపిల్లలు కొబ్బరికాయ తెచ్చి ఇవ్వమంటావా అని ఏడిపించేవారు. చదువు పూర్తయ్యేసరికి ఆ విమానంలోని ప్రతి బోల్టూ ఎంత చల్లగా ఉంటుందో ఆమె వేళ్ళకి తెలుసు.

అసలు మార్కులు ప్రదక్షిణకి లేవు, రికార్డుకి ఉన్నాయి. భోగలింగంగారు నల్లబల్ల మీద రాయించేవారు:

"ఉద్దేశము: ఇచ్చిన విమానమును గాలిలోనికి లేపుట. కావలసిన పరికరములు: విమానము, గాలి. పద్ధతి: విమానమును శుభ్రమైన పొడిగుడ్డతో తుడిచి గాలిలోనికి లేపవలెను. ఫలితము: విమానము లేచినది. జాగ్రత్తలు: ప్రయోగము జరుగునప్పుడు గదిలోని ఫ్యానులు ఆపవలెను."

ఏ కోర్సులోనైనా పిల్లలు సీనియర్ల రికార్డు చూసి రాస్తారు. వీళ్ళకి సీనియర్లు లేరు. అందుకని బొమ్మలూ పట్టికలూ లోలకం రికార్డు చూసి దించారు. మొదట్లో కొన్నాళ్ళపాటు అందరి విమానాలూ దారం కట్టినట్టు అటూ ఇటూ ఊగాయి. ఈ విద్యలో దశరథరామ్ అనే కుర్రాడు ఆరితేరాడు. సీట్లో కూర్చుంటే కడుపులో తిప్పుతుందని అతను విమానం ఏనాడూ ఎక్కలేదు. రికార్డులో మాత్రం పెన్సిలు మొన చెక్కుకుంటూ హిమాలయాలు దాటేశాడు. మబ్బులకి అతను వేసే షేడింగు చూడ్డానికి బోటనీ వాళ్ళు కూడా వచ్చేవారు.

ప్రయోగశాలలో గడిపిన సమయమే గగనయాన సమయముగా పరిగణించబడునని రిజిస్ట్రారుగారు సర్క్యులరు పంపారు. కరెంటు పోయిన రోజున వాతావరణం అనుకూలించలేదని రాసుకునేవారు.

కాత్యాయని ఓసారి ఉన్నదున్నట్టు రాసింది. "ఫలితము: విమానము కదలలేదు." భోగలింగంగారు ఎర్రసిరాతో కొట్టేసి, మళ్ళీ చేయుము అని రాశారు. మళ్ళీ చేసింది. మళ్ళీ కదల్లేదు. మూడోసారి పేజీ తిరగేసి విమానము లేచినది అని రాసినప్పుడు ఆ పిల్లకి సిగ్గేసింది. కానీ ఏం చేస్తుంది? సంతకం పడింది, మార్కులూ పడ్డాయి.

ఇంటికెళ్తే ఇంకో బాధ. సీతారత్నం డాబా ఎక్కి ఏ విమానం పోయినా చెయ్యూపేది. "మా కాత్యాయనేమో" అనేది పక్కింటి వరహాలమ్మతో. వరహాలమ్మ మొదట్లో తనూ ఊపింది. తర్వాత మూతి తిప్పడం మొదలెట్టింది.

"ఏవే, మొన్న ఆదివారం మధ్యాహ్నం పోయింది నువ్వేనా? అంతలా ఊపితే చూళ్ళేదేం?"

"నేను కాదమ్మా."

"మరెప్పుడే నువ్వు?"

కాత్యాయని దొడ్లోకెళ్ళి మొహం కడుక్కుంది. తను ఎగిరేది నాలుగు గోడల మధ్యనని ఆ అమాయకురాలికి ఏ నోటితో చెప్తుంది?

ఆఖరి ఏడు ప్రాక్టికల్ పరీక్షకి బయటి ఎగ్జామినరు కావాలి. ఫ్లయింగులో డిగ్రీ ఉన్నవారు దేశంలో ఇంకా పుట్టలేదు కనుక, దగ్గరి శాస్త్రం చూసి జువాలజీ ఆచార్యుణ్ణి వేశారు. ఆయన విమానం చుట్టూ తిరిగి, తోక పట్టుకు చూసి, కాత్యాయనిని అడిగారు:

"రెక్కలెన్ని?"

"రెండండి."

"ఈకలేవీ?"

ఆ పిల్ల అప్పటికే అన్నిటికీ రాజీపడిపోయింది. "ఇంకా రాలేదండి" అంది.

"శెభాష్! పిల్ల దశ" అని ఆయన మురిసిపోయి మార్కులు కుమ్మరించారు. కాత్యాయనికి ఫస్టు, దశరథరామ్‌కి సెకండు. బంగారు పతకం కాత్యాయనికి. నేలమీంచి ఒక్క అంగుళం లేవకుండా ఆమె దేశంలోకెల్లా మొదటి వైమానిక పట్టభద్రురాలు కాబోతోంది.

సమస్య ఛాన్సలర్‌గారితో వచ్చింది. ఆయన పెద్దాయన, పైగా తనకొచ్చిన ఆహ్వానాలు చదివే దురలవాటున్న మనిషి. స్నాతకోత్సవ ఆహ్వానం అందుకుని, ఆ అమ్మాయి విమానం లేపగా కళ్ళారా చూసి పతకం మెడలో వేస్తాను అని కబురంపాడు.

వైస్ ఛాన్సలరు గదిలో ఏసీ నడుస్తున్నా అందరికీ చెమటలు పట్టాయి. గోడ పగలగొడితే ఆడిట్ అభ్యంతరం వస్తుంది. చివరికి ఇంజనీరే బుర్ర వాడాడు. గోడ కూల్చడానికి అనుమతి లేదు గానీ కిటికీ మరమ్మతుకి ఉంది. కిటికీ ఎంత పెద్దదిగా మరమ్మతు చెయ్యొచ్చో అంతా చేశారు. అయినా రెక్కలు పట్టలేదు. రెక్కలు విప్పి, విమానాన్ని మంచంలా ఏటవాలుగా పట్టుకుని బయటికి లాగి, గ్రౌండులో మళ్ళీ బిగించారు. బిగించింది ఇంజనీరింగు విభాగం వాళ్ళే. హాస్టళ్ళలో కుళాయిలు బిగించేది కూడా వాళ్ళే.

ఆ రోజు రానే వచ్చింది. గ్రౌండంతా షామియానాలు. వేదిక మీద ఛాన్సలరు, పక్కన విరూపాక్షంగారు, చివర మైకు దగ్గర రిజిస్ట్రారు. జనంలో సీతారత్నం పట్టుచీర కట్టుకుని, వీధి వీధినంతా వెంటేసుకుని ముందు వరసలో కూర్చుంది. వరహాలమ్మ కూడా వచ్చింది, ఇవాళైనా చూద్దామని. విమానానికి మెడలో బంతిపూల దండ వేశారు. దాని ట్యాంకు నిండా పెట్రోలుంది. ఎదురుగా నీళ్ళు చల్లి చదును చేసిన పొడుగాటి నేల. ఎత్తు సంగతి ఎవరూ ఎత్తలేదు. సరిహద్దు ఆ పూటకి సడలించారట.

కెప్టెన్ ఆనందరావు ఇస్త్రీ యూనిఫారంలో వచ్చాడు. పరికరంతోపాటు సహాయకుడు ఉండవచ్చునని రెండో సీటుకి అనుమతి దొరికింది. ఆయన మొహం చిన్నపిల్లాడి మొహంలా వెలుగుతోంది. "అమ్మాయ్, నేను పక్కనుంటాను. నేనే లేపుతాను, నువ్వు చెయ్యి వేసి ఉంచు చాలు. ఒక్క రౌండు. లోపల నేను చూస్తాను, ప్రదక్షిణ నువ్వు చెయ్యి. ఇవాళ పైలట్‌వి నువ్వే" అని సీటెక్కి మీటర్లు చూసుకోసాగాడు.

కాత్యాయని మొదలెట్టింది. ముట్టె, ఫ్యాను, చక్రం, కుడి రెక్క, తోక. ఇన్నాళ్ళూ ఎదురుచూసిన రోజిది. ఎడమ రెక్క మొదట్లో వేలు పెట్టింది. తీసేసింది. మళ్ళీ పెట్టింది.

ఆ బోల్టు ఆమెకి తెలిసింది కాదు. వేరేది. పక్కదీ అంతే. చూపుడువేలు ఆన్చి అటూ ఇటూ కదిపితే కదిలింది. గుండ్రటి తల మీద తుప్పు చుక్కలు. ఇలాంటివి ఎక్కడ చూసిందో ఆమెకి వెంటనే గుర్తొచ్చింది. క్లాసులో బెంచీలకి ఉంటాయివి. వీటి మీదే చున్నీ తట్టుకుని చిరిగేది.

పక్కనే నిలబడ్డ ఇంజనీరుని అడిగింది, "సార్, రెక్క బోల్టులేవండీ?"

"విప్పినవి స్టోర్సుకి జమ చెయ్యాలి కదమ్మా, చేసేశాం. జమైనవాటిని మళ్ళీ ఇవ్వాలంటే కమిటీ కూర్చోవాలట. ఉన్నవి పెట్టాంలే. గట్టివే. పదేసిమంది కూర్చున్నా ఊడవు."

ఎదురుగా చదును చేసిన నేల, పైన మబ్బుల్లేని ఆకాశం. ఒక్క రౌండేగా, ఆగుతాయేమో అనిపించింది. అమ్మ ముందు వరసలో అప్పుడే చెయ్యూపుతోంది. ఇవాళ కాదంటే మళ్ళీ జన్మలో ఈ విమానం బయటికి రాదు, కిటికీ ఎల్లుండే పూడ్చేస్తారు. ఎక్కెయ్యాలని ఒళ్ళంతా కొట్టుకుపోయింది. వేలు మాత్రం ఆ బోల్టు మీదే ఉంది. బోల్టు మాత్రం కదులుతూనే ఉంది.

ఆమె వెళ్ళి కెప్టెన్ సీటు పక్కన నిలబడింది. "సార్" అంది. ఏడుపు ఆగలేదు. "ఎడమ రెక్క బాగాలేదు సార్."

కెప్టెన్ ఆమె కళ్ళలోకి చూశాడు. రెక్క వంక తిరిగి కూడా చూడలేదు. "దిగమంటావా?"

"దిగండి సార్."

ఆయన బెల్టు విప్పుకుని దిగిపోయాడు.

వేదిక మీంచి విరూపాక్షంగారు పరిగెత్తుకుంటూ వచ్చారు, వెనకే రిజిస్ట్రారు, భోగలింగంగారు. "కెప్టెన్! ఏమిటీ ఆలస్యం? మీరైనా ఎక్కండి!"

"పైలట్ వద్దందండి" అన్నాడు కెప్టెన్, చేతులు కట్టుకుని. "నేను ప్రయోగశాల సహాయకుణ్ణి."

విరూపాక్షంగారు గొంతు తగ్గించారు. "అమ్మా కాత్యాయనీ, నీ రికార్డు నేను స్వయంగా పరిశీలించాను. అందులో ఈ విమానం ఎన్నోసార్లు లేచింది. అప్పుడెన్నడూ అడ్డురాని బోల్టు ఇప్పుడెందుకు అడ్డొచ్చిందమ్మా?"

"రికార్డులో కింద పడ్డా దెబ్బ తగల్దండి."

"ఇది పరీక్షలో భాగం, గమనించు" అన్నారు రిజిస్ట్రారు. "నిరాకరించినచో ఉత్తీర్ణత ఉండదు. పతకం మాట దేవుడెరుగు, డిగ్రీయే పోతుంది."

"పోనివ్వండి" అంది. అని, తన నోటివెంట ఆ మాట వచ్చినందుకు తనే బిత్తరపోయింది.

దశరథరామ్‌ని పిలిచారు. "బొమ్మ వెయ్యమంటే వేస్తానండి" అని అతను షామియానా గుంజ వాటేసుకున్నాడు. ఎంత లాగినా రాలేదు.

అవతల ఛాన్సలరు గడియారం చూసుకుంటున్నాడు. విరూపాక్షంగారు ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నారు. తెరిచేసరికి విద్యాదీప్తి వెలిగింది. ఉద్యానశాఖ ట్రాక్టరు తెప్పించి, తాడు కట్టించి, తాడు మీద బంతిపూలు చుట్టించారు. ట్రాక్టరు కదిలింది. విమానం దాని వెనక బుద్ధిగా నడిచింది. నీళ్ళు ఆరిన నేల మీంచి దుమ్ము ఇంతెత్తున లేచింది. ఆ దుమ్ములో విమానం సరిగ్గా వేదిక ఎదురుగా ఓ గుంటలో దిగి కుదుపు తిన్నది. ఎడమ రెక్క ఫెళ్ళుమని ఊడి నేలకి వేలాడింది.

రిజిస్ట్రారుగారు అప్పటికే మైకు చేరుకున్నారు.

"ఎడమ రెక్క గౌరవనీయ ఛాన్సలర్‌వారికి వందన సమర్పణ గావించినది!"

కళ్ళలో దుమ్ము పడి ఏమీ కనపడని ఛాన్సలరు లేచి నిలబడి ప్రతివందనం చేశాడు. బ్యాండు మోగింది.

సీతారత్నం బ్యాండు వినలేదు. వేలాడుతున్న రెక్కని చూసింది, పక్కన బితుకుబితుకుమంటూ నిలబడ్డ కూతుర్ని చూసింది. తాళ్ళు దాటుకుని, పోలీసుని తోసుకుని వచ్చి, "అందులో ఎక్కమన్నార్రా నా పిల్లని! మీ చేతులు పడిపోనూ!" అంటూ అందరిముందూ కూతుర్ని వాటేసుకుని గొల్లుమంది.

సాయంత్రం సిండికేటు అత్యవసరంగా సమావేశమై, విమానము ఎగిరినట్లు ఏకగ్రీవంగా తీర్మానించింది. దుమ్ము కారణముగా చూడజాలని సభ్యులు చూచినట్లు భావించవలసినదని కింద ఇంకో వాక్యం చేర్చారు. దశరథరామ్‌కి పతకమిచ్చారు. పరికరమును ఉపయోగించుటకు నిరాకరించినందున కాత్యాయని తప్పింది. తప్పని మిగతావాళ్ళందరినీ అదే శాఖలో లెక్చరర్లుగా వేసుకున్నారు. మరి ఫ్లయింగులో డిగ్రీ ఉన్నవారు వాళ్ళే కదా! అర్హులైన అధ్యాపకులు దొరికారు కనుక కెప్టెన్ ఆనందరావు సేవలు ఇక అక్కర్లేదన్నారు. కావాలంటే మొదటి సంవత్సరంలో విద్యార్థిగా చేరవచ్చునని, వయోపరిమితి సడలిస్తామని దయగా తెలియజేశారు.

కెప్టెన్ చేరలేదు. గోదావరి అవతలి ఒడ్డున పాత రన్‌వే ఒకటి బాగుచేసి ఎవరో ఫ్లయింగ్ క్లబ్బు పెడితే అక్కడ చేరాడు. చేరిన వారమే కాత్యాయనికి ఫోను చేశాడు. "అమ్మాయ్, ఇక్కడ విమానాలు గుడ్డతో తుడిచి, పొద్దున్నే ప్రదక్షిణ చేసేవాళ్ళు కావాలి. జీతం ఇవ్వరు. గాల్లోకి తీసుకెళ్తారు."

"నేను ఫెయిలయ్యాను కదా సార్."

"అందుకేనమ్మా అడిగాను. ఎందుకు ఫెయిలయ్యావో ఓనరుగారికి చెప్పాను. రేపే రమ్మన్నాడు."

శీతాకాలం ఎండ పొడుస్తుండగా కాత్యాయని మొదటిసారి ఎగిరింది. ముందు అన్ని నట్ల మీదా వేలు పెట్టింది. ఏదీ కదల్లేదు. తర్వాత ఎక్కి కూర్చుంది. చక్రాల కింద నేల గరగరలాడి, గరగరలాడి, ఉన్నట్టుండి మానేసింది. ఆమె ఊపిరి కూడా మానేసింది. కింద గోదావరి, లంకలు, కొబ్బరితోటలు. కాసేపటికి పిట్టలవరం వచ్చింది. సున్నం కొట్టిన పొడుగాటి గది, దాని పక్కన హాస్టలు, వాటర్ ట్యాంకు.

"అదిగో మీ ట్యాంకు మూత" అన్నాడు కెప్టెన్. "దాని పైనున్నాం."

"అయితే ఇక్కడ విశ్వవిద్యాలయం లేదండి" అంది కాత్యాయని. ఇద్దరూ పగలబడి నవ్వారు.

అట్నుంచి వాళ్ళ ఊరు అట్టే దూరం లేదు. కెప్టెన్ ఎలాగో చూపించి, చెయ్యి తీసేశాడు. కాత్యాయని తనే తిప్పింది. వాళ్ళ డాబా మీదికొచ్చేసరికి ఎడమ రెక్క మెల్లిగా కిందికి వంగింది, మళ్ళీ మెల్లిగా పైకి లేచింది.

డాబా మీద వడియాలు పెడుతున్న సీతారత్నం పిండి చెయ్యితోనే ఊపింది. "మా కాత్యాయనే!" అంది.

గోడవతల వరహాలమ్మ ఎప్పట్లాగే మూతి తిప్పి లోపలికి పోయింది.